లైనక్స్‌కు మారేముందే డ్రైవర్ల లెక్క తేల్చుకోండి: గ్రాఫిక్స్, వైఫై, ప్రింటర్ల సమగ్ర మార్గదర్శి

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ముగిసింది. ఇంటెల్ ఎనిమిదో తరం కంటే పాత ప్రాసెసర్లున్న కంప్యూటర్లలో చాలావాటికి విండోస్ 11 అధికారికంగా రాదు. శుభ్రంగా పనిచేస్తున్న యంత్రాన్ని పక్కన పడేయడం ఇష్టంలేక చాలామంది ఉబుంటు, మింట్, ఫెడోరా అనే లైనక్స్ రకాల (వీటినే డిస్ట్రోలు అంటారు) వైపు చూస్తున్నారు. వేసుకున్నవాళ్ళలో కొందరు వారం తిరక్కుండానే వెనక్కి వెళ్ళిపోతారు. కారణం అడిగితే దాదాపు ఎప్పుడూ ఈ మూడింట్లో ఒకటి చెబుతారు: వైఫై కనబడలేదు, అప్‌డేట్ తర్వాత స్క్రీన్ నల్లగా అయిపోయింది, ఆఫీసు ప్రింటర్ పలకలేదు. లైనక్స్ బాగోలేదని వెళ్ళేవాళ్ళు తక్కువ. ఒక చిప్పుకు తయారీదారు డ్రైవర్ (ఆ చిప్పును సిస్టమ్‌తో మాట్లాడించే ప్రోగ్రాం) కోడ్ బయటపెట్టనందువల్ల వెళ్ళేవాళ్ళే ఎక్కువ.

ఈ మూడు ఇబ్బందులనూ హార్డ్ డిస్క్‌ను తాకకముందే పసిగట్టవచ్చు. దానికి రెండు గంటల సమయం, ఒక పెన్ డ్రైవ్, ఒక ఆండ్రాయిడ్ ఫోన్, దాని డేటా కేబుల్ ఉంటే చాలు.

ఒక సూచన: కింద ఆదేశాలను తెలుగు అక్షరాల్లో, కోట్స్ మధ్య ఇచ్చాం. టెర్మినల్‌లో (ఆదేశాలు ఇచ్చే కిటికీ) టైప్ చేసేటప్పుడు వాటిని ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టాలి. గీత గుర్తు ఉన్నచోట హైఫన్ కొట్టాలి.

డ్రైవర్ ఉండే చోటును బట్టే ఇబ్బంది

"లైనక్స్‌లో డ్రైవర్ ఉందా?" అనే ప్రశ్న ఒక్కటే సరిపోదు. ఆ డ్రైవర్ ఎక్కడుందో కూడా తెలియాలి.

మొదటి రకం కెర్నల్ (లైనక్స్‌కు గుండెకాయ లాంటి మూల ప్రోగ్రాం) లోపలే ఉంటుంది. ఇంటెల్ గ్రాఫిక్స్‌కు ఐ915, ఏఎండీ గ్రాఫిక్స్‌కు ఏఎండీజీపీయూ ఇలాంటివి. ఏఎండీజీపీయూ 2015లో లైనక్స్ 4.2తో కెర్నల్‌లో చేరింది. కెర్నల్ లోపలి అమరిక మారినప్పుడు, మార్చినవాళ్ళే ఈ డ్రైవర్లను కూడా సరిచేస్తారు. మీరు అప్‌డేట్ చేసుకుంటూ పోతే చాలు, కంపెనీ ఆ కార్డును మరచిపోయినా డ్రైవర్ బతికే ఉంటుంది.

రెండో రకంలో డ్రైవర్ ఓపెన్‌గా ఉంటుంది, చిప్పులోకి ఎక్కించాల్సిన ఫర్మ్‌వేర్ మాత్రం మూసిన ఫైలు. పైన చెప్పిన ఏఎండీ కార్డులకు కూడా ఇలాంటి ఫర్మ్‌వేర్ కావాలి, ఇంటెల్ వైఫై కార్డులూ ఇంతే. ఆ ఫైళ్ళన్నీ లైనక్స్-ఫర్మ్‌వేర్ అనే సేకరణలో వస్తాయి. డెబియన్ అనే డిస్ట్రో చాలాకాలం వీటిని అధికారిక ఇన్‌స్టాలర్‌లో పెట్టలేదు. వైఫై రావాలంటే ఫర్మ్‌వేర్ కావాలి, ఫర్మ్‌వేర్ దించుకోవాలంటే ఇంటర్నెట్ కావాలి. కొత్తవాళ్ళు ఈ ముడి దగ్గరే ఆగిపోయేవారు. 2022లో డెబియన్ సభ్యులు ఓటింగ్ పెట్టుకుని నిర్ణయం మార్చారు. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12 నుంచి ఫర్మ్‌వేర్ ఇన్‌స్టాలర్‌తోపాటే వస్తోంది. సిద్ధాంతానికి భంగమని బాధపడినవాళ్ళున్నారు, కానీ వాడేవాళ్ళకు ఆ నిర్ణయం ఎంతో మేలు చేసింది.

మూడో రకం కెర్నల్ బయట ఉండే మూసిన డ్రైవర్. అసలు కష్టమంతా ఇక్కడే. కెర్నల్ లోపలి ఇంటర్‌ఫేస్ స్థిరంగా ఉంటుందని లైనక్స్ ఎప్పుడూ మాట ఇవ్వలేదు, ఇవ్వదు కూడా. కాబట్టి కెర్నల్ మారిన ప్రతిసారీ బయటి డ్రైవర్‌ను మళ్ళీ కట్టుకోవాలి. డీకేఎంఎస్ అనే ఏర్పాటు ఆ పని తనంతట తానే చేస్తుంది, కానీ కంపెనీ తన కోడ్‌ను కొత్త కెర్నల్‌కు సరిపడా మార్చినంతకాలమే. బ్రాడ్‌కామ్ వైఫైకి ఉన్న డబ్ల్యూఎల్ డ్రైవర్‌ను చూడండి. కంపెనీ నుంచి దానికి చివరి వెర్షన్ 2015లో వచ్చింది. ఆ తర్వాత వచ్చిన ప్రతి కెర్నల్‌కూ డిస్ట్రోల వాళ్ళే అతుకులు వేస్తూ నెట్టుకొస్తున్నారు.

మొదటి మెట్టు: లైవ్ యూఎస్‌బీతో పరీక్ష

లైవ్ యూఎస్‌బీ అంటే హార్డ్ డిస్క్‌లో ఏమీ వేయకుండా పెన్ డ్రైవ్ నుంచే లైనక్స్‌ను నడపడం. 8 జీబీ పెన్ డ్రైవ్ చాలు. విండోస్‌లో రూఫస్ అనే ప్రోగ్రాంతో ఉబుంటు లేదా మింట్ ఐఎస్ఓ (ఇన్‌స్టాల్ ఫైలు) ఎక్కించండి. బూట్ చేసేముందు మూడు పనులు పూర్తి చేయండి.

1. బిట్‌లాకర్ (డిస్క్‌కు తాళం వేసే విండోస్ సౌకర్యం) ఆన్‌లో ఉంటే రికవరీ కీని కాగితం మీద రాసుకోండి. సెక్యూర్ బూట్ (దీని గురించి కింద చెప్పాం) అమరిక మార్చగానే విండోస్ ఆ 48 అంకెల కీ అడుగుతుంది. అది లేకపోతే డేటా పోయినట్టే.
2. పవర్ ఆప్షన్స్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆపేయండి. అది ఆన్‌లో ఉంటే విండోస్ పూర్తిగా షట్‌డౌన్ కాదు. దాని పార్టిషన్ లైనక్స్‌లో చదవడానికే తెరుచుకుంటుంది, రాయనివ్వదు.
3. బయాస్‌లో (కంప్యూటర్ ఆన్ అవుతుండగా తెరిచే అమరికల తెర) స్టోరేజీ ఆర్‌ఎస్‌టీ లేదా రెయిడ్ మోడ్‌లో ఉందేమో చూడండి. అలా ఉంటే ఇన్‌స్టాలర్‌కు ఎస్ఎస్‌డీ కనబడకపోవచ్చు. ఏహెచ్‌సీఐకి మార్చాలి. నేరుగా మారిస్తే విండోస్ బూట్ కాదు కాబట్టి, ముందు విండోస్‌ను సేఫ్ మోడ్‌లో తెరుచుకునేలా పెట్టి, బయాస్‌లో మార్చి, ఒకసారి సేఫ్ మోడ్‌లోకి వెళ్ళి, తర్వాత మామూలు బూట్‌కు తిప్పుకోండి.

లైవ్ సెషన్ తెరుచుకున్నాక "ట్రై" ఎంచుకుని ఒక్కొక్కటీ చూడండి: వైఫై జాబితా, బ్లూటూత్‌తో ఇయర్‌ఫోన్, స్పీకర్, మైకు, వెబ్‌క్యామ్, బ్రైట్‌నెస్ మీటలు, హెచ్‌డీఎంఐతో బయటి మానిటర్. మూత మూసి రెండు నిమిషాలు ఆగి తెరవడం మాత్రం మరచిపోకండి. నిద్రలోకి వెళ్ళిన ల్యాప్‌టాప్ తిరిగి లేవకపోవడం చాలామంది ఇన్‌స్టాల్ చేశాక గానీ గమనించరు. ప్రింటర్ ఉంటే ఆ కేబుల్ కూడా ఇప్పుడే గుచ్చండి.

తర్వాత టెర్మినల్ తెరిచి 'ఎల్ఎస్‌పీసీఐ -ఎన్ఎన్‌కె' కొట్టండి. ప్రతి పరికరం పేరు పక్కన చదరపు బ్రాకెట్లలో రెండు భాగాల సంఖ్య ఉంటుంది. మొదటి భాగం కంపెనీది: 8086 ఇంటెల్, 1002 ఏఎండీ, 10డీఇ ఎన్విడియా, 14ఇ4 బ్రాడ్‌కామ్, 10ఇసీ రియల్‌టెక్, 14సీ3 మీడియాటెక్. పెట్టె మీది పేరు కంటే ఈ సంఖ్యే నమ్మదగినది. డ్రైవర్ పనిచేస్తున్న ప్రతి పరికరం కింద "కెర్నల్ డ్రైవర్ ఇన్ యూజ్" అనే వరుస ఉంటుంది. నెట్‌వర్క్ కంట్రోలర్ కింద ఆ వరుస లేదంటే మీ సమస్య అదే. యూఎస్‌బీ పరికరాలకు 'ఎల్ఎస్‌యూఎస్‌బీ' వాడండి.

ఈ రెండు ఆదేశాల ఫలితాన్నీ ఫోన్‌తో ఫొటో తీసుకోండి. తర్వాత ఎవరినైనా సాయం అడిగితే ముందు అడిగేది దీన్నే.

రెండో మెట్టు: ఎన్విడియా కార్డు

2012 జూన్‌లో ఫిన్లాండ్‌లోని ఆల్టో విశ్వవిద్యాలయంలో మాట్లాడుతూ లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్, తాము వ్యవహరించిన కంపెనీలన్నింటిలోకీ ఎన్విడియానే అధ్వానమని బహిరంగంగా అన్నారు. అప్పటికి ఆ మాటలో న్యాయముంది. కంపెనీ వివరాలు ఇవ్వకపోతే స్వచ్ఛంద కార్యకర్తలు కార్డును తడిమి తడిమి నూవో అనే ఓపెన్ డ్రైవర్ రాశారు. జీటీఎక్స్ 900 తరం నుంచి కార్డు తన వేగం మార్చుకోవాలంటే ఎన్విడియా సంతకమున్న ఫర్మ్‌వేరే కావాలని పెట్టడంతో, ఆ కార్డులు నూవోతో బూట్ అయినప్పటి తక్కువ వేగంలోనే ఉండిపోయాయి. కార్డు పనిచేస్తుంది, బొమ్మ కనబడుతుంది, ఆట మాత్రం ఆడలేం.

2022 మేలో ఎన్విడియా 515 డ్రైవర్‌తో తన కెర్నల్ మాడ్యూళ్ళ (కెర్నల్‌లోకి ఎక్కే డ్రైవర్ భాగాల) కోడ్ విడుదల చేసింది. ఇది పెద్ద అడుగే, కానీ పరిమితులు తెలిసి ఉండాలి. ఇది ట్యూరింగ్ తరం, అంటే జీటీఎక్స్ 16, ఆర్‌టీఎక్స్ 20 వరుసలు, ఆ తర్వాతివాటికే. బొమ్మలు గీసే ఓపెన్‌జీఎల్, వల్కన్ భాగాలు, కార్డు మీద లెక్కలు చేసే CUDA భాగం ఇంకా మూసే ఉన్నాయి. కాబట్టి ఏ డ్రైవర్ వేయాలన్నది కార్డు తరాన్ని బట్టి ఉంటుంది.

ఆర్‌టీఎక్స్ 50 వరుసకు ఓపెన్ మాడ్యూల్ ఒక్కటే దారి, పైగా కనీసం 570 డ్రైవర్ కావాలి. డెబియన్ 13 సొంత రిపోజిటరీలో (ప్యాకేజీల నిల్వ) 550 ఉంది కాబట్టి ఈ కార్డున్నవాళ్ళకు అది నేరుగా సరిపోదు. జీటీఎక్స్ 16 నుంచి ఆర్‌టీఎక్స్ 40 వరకు పేరు చివర "ఓపెన్" అని ఉన్న వెర్షన్ ఎంచుకోండి. జీటీఎక్స్ 750, 900, 1000 వరుసలకు, 940ఎంఎక్స్, ఎంఎక్స్130, ఎంఎక్స్150 ఉన్న ల్యాప్‌టాప్‌లకు "ఓపెన్" లేనిదే వేయాలి. వీటికి 580 చివరి శాఖ. జీటీ 710 వంటి కెప్లర్ కార్డులకు 470 చివరిది, దానికి ఎన్విడియా మద్దతు 2024లోనే ఆగిపోయింది. ఇంటర్నెట్, సినిమాలు, టైపింగు వరకైతే జీటీ 710కు నూవో చాలు. 470 కోసం తంటాలు పడకండి. జీటీ 730 అని పెట్టె మీద ఉంటే అది రెండు తరాల్లో దేనిదైనా కావచ్చు, 'ఎల్ఎస్‌పీసీఐ' ఫలితంలో జీకే అక్షరాలుంటే కెప్లర్, జీఎఫ్ ఉంటే అంతకంటే పాతదైన ఫెర్మీ.

ఎక్కించే పద్ధతి:

ఉబుంటులో "సాఫ్ట్‌వేర్ అండ్ అప్‌డేట్స్" తెరిచి "అడిషనల్ డ్రైవర్స్" ట్యాబ్‌కు వెళ్ళండి. మింట్‌లో దీని పేరు "డ్రైవర్ మేనేజర్". జాబితాలో "సర్వర్" అని ఉన్నవి డేటా సెంటర్లకు, వాటి జోలికి పోవద్దు. "రికమెండెడ్" అని ఉన్నది మీ కార్డు తరానికి పైన చెప్పిన లెక్కతో సరిపోతే అదే తీసుకోండి. టెర్మినల్ ఇష్టపడేవాళ్ళకు 'సుడో ఉబుంటు-డ్రైవర్స్ ఇన్‌స్టాల్' ఇదే పని చేస్తుంది.

ఫెడోరాలో ఆర్‌పీఎం ఫ్యూజన్ రిపోజిటరీ చేర్చుకుని 'ఏకేమాడ్-ఎన్విడియా' ప్యాకేజీ వేయాలి. ఇక్కడే చాలామంది తొందరపడతారు. ప్యాకేజీ దిగినంత మాత్రాన పని కాలేదు, మాడ్యూల్ వెనక కట్టబడుతూ ఉంటుంది. ఐదు నిమిషాలు ఆగి, 'మాడ్‌ఇన్ఫో ఎన్విడియా' కొట్టి వెర్షన్ సంఖ్య కనబడ్డాకే రీబూట్ చేయండి. సగంలో రీబూట్ చేస్తే నల్ల స్క్రీనే.

ఎన్విడియా వెబ్‌సైట్ నుంచి ".రన్" ఫైలు దించి వేయడం మాత్రం ఎవరు చెప్పినా చేయకండి. అది ప్యాకేజీ మేనేజర్‌కు తెలియకుండా ఫైళ్ళు మార్చేస్తుంది. తర్వాతి అప్‌డేట్‌లో రెండూ కలబడి గ్రాఫిక్స్ ఆగిపోతుంది, విప్పడానికి ఒక పూట పడుతుంది.

రీబూట్ తర్వాత 'ఎన్విడియా-ఎస్ఎంఐ' కొట్టండి. కార్డు పేరు, డ్రైవర్ వెర్షన్‌తో పట్టిక వస్తే పని పూర్తయినట్టు. "డ్రైవర్‌తో మాట్లాడలేకపోయింది" అన్న అర్థంలో తప్పు వస్తే పదిలో తొమ్మిదిసార్లు కారణం సెక్యూర్ బూట్.

సెక్యూర్ బూట్, ఆ నీలి తెర

సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉన్నప్పుడు సంతకం లేని మాడ్యూల్‌ను కెర్నల్ లోపలికి రానివ్వదు. ఉబుంటు ముందే కట్టి కనానికల్ సంతకంతో ఇచ్చే ఎన్విడియా మాడ్యూళ్ళకు ఈ ఇబ్బంది లేదు. డీకేఎంఎస్‌తో మీ యంత్రంలోనే కట్టుకునేవాటికి మీ సొంత కీ కావాలి, దాన్ని ఎంఓకే అంటారు.

డ్రైవర్ వేసేటప్పుడు ఒక పాస్‌వర్డ్ పెట్టమని అడుగుతుంది. అది ఒక్కసారి వాడడానికే. చిన్న ఇంగ్లీషు అక్షరాలు, అంకెలతో కనీసం 8 పెట్టుకోండి, గుర్తులు వద్దు. తర్వాతి తెరలో కీబోర్డు అమెరికా అమరికలోనే ఉంటుంది కాబట్టి గుర్తులు తారుమారవుతాయి. రీబూట్ చేయగానే నీలి తెర వస్తుంది. దాదాపు పది సెకన్లలో ఏదో ఒక మీట నొక్కకపోతే అది మాయమై మామూలు బూట్ అయిపోతుంది. నొక్కాక వరుసగా "ఎన్‌రోల్ ఎంఓకే", "కంటిన్యూ", "యెస్", పాస్‌వర్డ్, "రీబూట్". కొత్తవాళ్ళు వైరస్ అనుకుని కంగారుగా "కంటిన్యూ బూట్" నొక్కేది ఇక్కడే. అలా జరిగితే డ్రైవర్ ఉన్నా లోడ్ కాదు, లాగ్‌లో "కీ వాజ్ రిజెక్టెడ్ బై సర్వీస్" అని ఉంటుంది. ఉబుంటులో 'సుడో అప్‌డేట్-సెక్యూర్‌బూట్-పాలసీ --ఎన్‌రోల్-కీ' కొడితే కీ చేర్చే అవకాశం మళ్ళీ వస్తుంది.

సెక్యూర్ బూట్ ఆపేయడం సులువైన దారే. ఇంట్లో ఒక్కరే వాడే డెస్క్‌టాప్‌లో ఆపినా కొంప మునగదు. విండోస్ కూడా పక్కనే ఉండి బిట్‌లాకర్ వాడుతుంటే మాత్రం ఆపకుండా కీ చేర్చుకోవడమే మంచిది.

నల్ల స్క్రీన్ వస్తే

ముందు కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కండి. అక్షరాల లాగిన్ వస్తే సిస్టమ్ బతికే ఉంది, గ్రాఫిక్స్ ఒక్కటే పడిపోయింది. అక్కడ లాగిన్ అయి 'డీకేఎంఎస్ స్టేటస్' చూడండి. మీరిప్పుడున్న కెర్నల్ పేరు ('యూనేమ్ -ఆర్' చెబుతుంది) పక్కన "ఇన్‌స్టాల్డ్" అని లేకపోతే మాడ్యూల్ కట్టబడలేదు. కారణం డీకేఎంఎస్ ఫోల్డర్‌లోని మేక్ లాగ్ ఫైలు చివరి వరుసల్లో ఉంటుంది. మాడ్యూల్ కట్టడానికి కావాల్సిన హెడర్ ఫైళ్ళు లేకపోవడం మామూలు కారణం. ఉబుంటులో 'లైనక్స్-హెడర్స్-జెనరిక్', డెబియన్‌లో 'లైనక్స్-హెడర్స్-ఏఎండీ64' వేస్తే తీరుతుంది. రెండో కారణం బూట్ పార్టిషన్ నిండిపోవడం. 'డీఎఫ్ -హెచ్' కొట్టి చూసుకుని, పాత కెర్నళ్ళను 'సుడో యాప్ట్ ఆటోరిమూవ్'తో తీసేయండి.

అక్షరాల లాగిన్ కూడా రాకపోతే రీబూట్ చేసి, బూట్ మొదలవుతుండగా ఎస్కేప్ నొక్కి గ్రబ్ మెనూ (ఏది బూట్ చేయాలో ఎంచుకునే తెర) తెప్పించండి. పాత యంత్రాల్లో షిఫ్ట్ పట్టుకోవాలి. "అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్"లో పాత కెర్నల్ ఎంచుకుంటే చాలాసార్లు నిన్నటి స్థితికి వచ్చేస్తారు. అదీ కాకపోతే మెనూలో 'ఇ' నొక్కి, "లైనక్స్" పదంతో మొదలయ్యే పొడవాటి వరుస చివర ఒక ఖాళీ వదిలి 'నోమోడ్‌సెట్' చేర్చి ఎఫ్10 నొక్కండి. తెర తక్కువ రిజల్యూషన్‌లో వస్తుంది, ఆ మార్పు ఆ ఒక్క బూట్‌కే. లోపలికి వెళ్ళాక ఎన్విడియా ప్యాకేజీలన్నీ తీసేసి పై పద్ధతిలో మళ్ళీ వేసుకోండి.

రెండు గ్రాఫిక్స్ ఉన్న ల్యాప్‌టాప్‌లు

ఇంటెల్ లేదా ఏఎండీ చిప్పుతోపాటు ఎన్విడియా కూడా ఉన్న ల్యాప్‌టాప్‌లో బ్యాటరీ త్వరగా అయిపోతోందంటే పెద్ద కార్డు ఊరికే మేలుకుని ఉంటోందని అర్థం. ఉబుంటు, మింట్‌లలో 'సుడో ప్రైమ్-సెలెక్ట్' తర్వాత మూడు మాటల్లో ఒకటి ఇవ్వవచ్చు: 'ఇంటెల్', 'ఎన్విడియా', 'ఆన్-డిమాండ్'. ట్యూరింగ్, ఆ తర్వాతి కార్డులకు 'ఆన్-డిమాండ్' సరైనది, పని లేనప్పుడు కార్డు పూర్తిగా నిద్రపోగలదు. ఎంఎక్స్150 వంటి పాతవాటికి ఆ సౌకర్యం లేదు కాబట్టి ప్రయాణంలో 'ఇంటెల్'కు మార్చుకోండి. అయితే గేమింగ్ ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి హెచ్‌డీఎంఐ తీగ నేరుగా ఎన్విడియా కార్డుకే కలిపి ఉంటుంది. 'ఇంటెల్' మోడ్‌లో బయటి మానిటర్ రాకపోతే పోర్టు పాడైందనుకోకండి.

నిద్ర నుంచి లేచాక తెర మీద చెత్త గీతలు కనబడితే 'ఎన్విడియా-సస్పెండ్', 'ఎన్విడియా-రెజ్యూమ్' సర్వీసులు ఎనేబుల్ అయ్యాయో లేదో 'సిస్టమ్‌సీటీఎల్'తో చూడండి.

మూడో మెట్టు: వైఫై

ముందు ఇంటర్నెట్ సంగతి. ఆండ్రాయిడ్ ఫోన్‌ను డేటా కేబుల్‌తో కలిపి, సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. ఆ డ్రైవర్ కెర్నల్‌లోనే ఉంది, మీరేమీ వేయనక్కర్లేదు. ఛార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చే కేబుల్ అయితే పనిచేయదు. ఈ ఒక్క ఉపాయం తెలియక ఎందరో పక్క కంప్యూటర్‌లో ప్యాకేజీలు దించి పెన్ డ్రైవ్‌లో మోస్తుంటారు.

కార్డు సంఖ్య 14ఇ4తో మొదలైతే బ్రాడ్‌కామ్. 2013 తర్వాతి కొన్నేళ్ళ చవక ల్యాప్‌టాప్‌లలో బీసీఎం43142 ఎక్కువగా కనిపిస్తుంది. దానికి, పాత మ్యాక్‌బుక్‌లలోని బీసీఎం4360కి డబ్ల్యూఎల్ డ్రైవరే దిక్కు. అడిషనల్ డ్రైవర్స్‌లో అది కనిపిస్తుంది, లేకపోతే 'బ్రాడ్‌కామ్-ఎస్‌టీఏ-డీకేఎంఎస్' ప్యాకేజీ వేయండి. వేసినా వైఫై రాకపోతే బీ43, బీసీఎంఏ, ఎస్ఎస్‌బీ అనే ఓపెన్ మాడ్యూళ్ళు ముందే కార్డును పట్టుకుని ఉంటాయి. ఒక రీబూట్‌తో సాధారణంగా సర్దుకుంటుంది. సెక్యూర్ బూట్ సంగతి దీనికీ వర్తిస్తుంది.

రియల్‌టెక్ కథ వేరు. ఆర్‌టీఎల్8821సీఇ డ్రైవర్ కెర్నల్ 5.9 నుంచి లోపలే ఉంది. పాత యూట్యూబ్ వీడియో చూసి బయటి డ్రైవర్ కట్టినవాళ్ళకు ఇప్పుడు రెండు డ్రైవర్లు పోట్లాడుకుని వైఫై మాటిమాటికీ తెగిపోతుంటుంది. బయటిది తీసేస్తే సరి. కొత్త ల్యాప్‌టాప్‌లోని రియల్‌టెక్ లేదా మీడియాటెక్ కార్డు కనబడకపోతే మీ కెర్నల్ ఆ కార్డు కంటే పాతదేమో చూడండి. మీడియాటెక్ ఎంటీ7921కు కనీసం 5.12, ఇంటెల్ ఏఎక్స్210కు 5.10 ఉండాలి. కొత్త డిస్ట్రో వేసుకుంటే చాలు.

యూఎస్‌బీ డాంగిల్ కొనేటప్పుడు పెట్టె మీద వీ1, వీ2 అని చిన్న అక్షరాల్లో ఉండే వెర్షన్ చూడండి. టీపీ-లింక్ డబ్ల్యూఎన్722ఎన్ మొదటి వెర్షన్‌లో ఏథెరాస్ చిప్పు ఉండేది, గుచ్చగానే పనిచేసేది. రెండో వెర్షన్ నుంచి అదే పేరుతో రియల్‌టెక్ చిప్పు పెట్టారు. పాత సమీక్ష చదివి కొన్నవాళ్ళకు వేరే వస్తువు చేతికొచ్చింది. కొన్ని డాంగిల్‌లు గుచ్చగానే సీడీ డ్రైవ్‌లా కనబడతాయి, విండోస్ డ్రైవర్ అందులో ఉంటుంది. ఫైల్ మేనేజర్‌లో దాన్ని ఎజెక్ట్ చేస్తే లోపలి వైఫై చిప్పు బయటపడుతుంది. 'యూఎస్‌బీ-మోడ్‌స్విచ్' ప్యాకేజీ ఈ పని ప్రతిసారీ తనే చేస్తుంది.

వీటన్నింటికంటే తేలికైన దారి ల్యాప్‌టాప్‌లో కార్డు మార్చేయడం. ఎం.2 2230 కొలతలో ఉండే ఇంటెల్ ఏఎక్స్210 కొనండి. ఏఎక్స్201, ఏఎక్స్211 కొనకండి. అవి కొన్ని ఇంటెల్ బోర్డులలోనే పనిచేస్తాయి, స్లాట్‌లో పడతాయి గానీ కనబడవు. బ్యాటరీ కనెక్టర్ తీసి, ఒక స్క్రూ విప్పి, రెండు యాంటెన్నా తీగలను గోటితో నిట్టనిలువుగా పైకి లేపండి. పక్కకు లాగితే కనెక్టర్ చితికిపోతుంది. పాత హెచ్‌పీ, లెనోవో ల్యాప్‌టాప్‌లు కొన్ని బయాస్ జాబితాలో లేని కార్డు పెడితే బూటే కావు, కాబట్టి మీ మోడల్ గురించి ముందే విచారించుకోండి.

నాలుగో మెట్టు: ప్రింటర్

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమానికి బీజం పడింది ప్రింటర్ దగ్గరే. ఎంఐటీ కృత్రిమ మేధ ప్రయోగశాలకు జిరాక్స్ ఇచ్చిన లేజర్ ప్రింటర్‌లో కాగితం ఇరుక్కుంటే వాడేవాళ్ళకు కబురు వెళ్ళేలా చేద్దామని రిచర్డ్ స్టాల్‌మన్ అనుకున్నారు. కానీ ఆ ప్రింటర్ సోర్స్ కోడ్ ఉన్నవాళ్ళు దాన్ని ఆయనకు ఇవ్వడానికి నిరాకరించారు. ఆ అనుభవమే 1983లో ఆయన గ్నూ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు ప్రకటించడానికి ఒక కారణమైంది. నలభై ఏళ్ళు దాటినా మన ఊళ్ళలో జిరాక్స్ షాపులు, చిన్న ఆఫీసులు లైనక్స్‌కు రాలేకపోవడానికి ప్రింటరే పెద్ద అడ్డంకి.

మన దగ్గర ఎక్కువగా కనిపించేవి రెండు. హెచ్‌పీ లేజర్‌జెట్ 1020, పీ1007, పీ1108 వంటివాటికి హెచ్‌పీలిప్ ఓపెన్ ప్యాకేజీ ఒక్కటే చాలదు, మూసిన ప్లగిన్ కూడా కావాలి. 1020కి ఫర్మ్‌వేర్ నిలవ ఉండదు, ఆన్ చేసిన ప్రతిసారీ కంప్యూటరే పంపాలి. ప్రింటర్ కలిపి 'హెచ్‌పీ-ప్లగిన్' కొట్టి, అది అయ్యాక 'హెచ్‌పీ-సెటప్' నడపండి. హెచ్‌పీలిప్, ప్లగిన్ వెర్షన్లు అచ్చంగా ఒకటే అయి ఉండాలి. డిస్ట్రో అప్‌గ్రేడ్ తర్వాత ప్రింట్ ఉన్నట్టుండి ఆగిపోతే ఇదే కారణం, 'హెచ్‌పీ-ప్లగిన్' మళ్ళీ నడిపితే సరిపోతుంది.

కెనాన్ ఎల్‌బీపీ2900 ఇంకా మొండిది. అది కెనాన్ సొంత క్యాప్ట్ భాషలో మాట్లాడుతుంది. కెనాన్ ఇచ్చే లైనక్స్ డ్రైవర్‌లో 32 బిట్ భాగాలున్నాయి. కాబట్టి ముందు 'సుడో డీపీకేజీ --యాడ్-ఆర్కిటెక్చర్ ఐ386' కొట్టి 32 బిట్ లైబ్రరీలు వేసి, తర్వాత కామన్, క్యాప్ట్ ప్యాకేజీలు రెండూ వేయాలి. ఆపైన సీసీపీడీ అనే సర్వీసుకు ప్రింటర్ పోర్టు నమోదు చేయాలి. ఇక్కడ ఎక్కువగా జరిగే తప్పు ఒకటుంది. ప్రింటర్ గుచ్చగానే సిస్టమ్ తనంతట తాను ఇంకో ప్రింటర్ పేరు చేర్చేస్తుంది. ప్రింట్ దానికి వెళ్తుంది, కాగితం కదలదు. యూఆర్‌ఐ సీసీపీ అక్షరాలతో మొదలయ్యే పేరును మాత్రమే ఉంచి, రెండోదాన్ని తీసేయండి. స్వచ్ఛంద కార్యకర్తలు రాసిన క్యాప్ట్‌డ్రైవర్ అనే ఓపెన్ డ్రైవర్ కూడా ఈ మోడల్‌కు ఉంది. మూసిన డ్రైవర్ కొత్త డిస్ట్రోలో మొరాయిస్తే దాన్ని ప్రయత్నించండి.

కొత్తది కొనేవాళ్ళు ఎయిర్‌ప్రింట్ అని రాసి ఉన్న ప్రింటర్ తీసుకోండి. అలాంటివి డ్రైవర్ లేకుండానే ఐపీపీ పద్ధతిలో ప్రింట్ చేస్తాయి. వైఫై ఉన్న మోడల్ అయితే నెట్‌వర్క్‌లో దానంతటదే జాబితాలోకి వస్తుంది. అమెజాన్ పేజీలో "లైనక్స్" అనే పదం వెతకడం కంటే "ఎయిర్‌ప్రింట్" వెతకడం నమ్మకమైన పద్ధతి.

వేలిముద్ర సెన్సర్ల గురించి ఆశ పెట్టుకోకండి. వేలిముద్రలు చదివే లిబ్‌ఎఫ్‌ప్రింట్ సాఫ్ట్‌వేర్ మద్దతు జాబితాలో మీ యూఎస్‌బీ సంఖ్య ఉంటే పనిచేస్తుంది, లేకపోతే పాస్‌వర్డే.

ఐదో మెట్టు: కెర్నల్ అప్‌డేట్లను తట్టుకోవడం

మూడో రకం డ్రైవర్ ఒక్కటైనా ఉన్న యంత్రానికి ఈ జాగ్రత్తలు తప్పవు. కనీసం ఒక పాత కెర్నల్ ఎప్పుడూ ఉంచండి. టైమ్‌షిఫ్ట్ అనే ప్రోగ్రాం వేసుకుని పెద్ద అప్‌డేట్ ముందు ఒక స్నాప్‌షాట్ (సిస్టమ్‌ను వెనక్కి తిప్పుకునే నకలు) తీయండి. కొత్త కెర్నల్ దిగాక, రీబూట్‌కు ముందే 'డీకేఎంఎస్ స్టేటస్' చూసి కొత్త కెర్నల్ పేరుతో వరుస ఉందో లేదో నిర్ధారించుకోండి.

470 డ్రైవరో డబ్ల్యూఎల్ డ్రైవరో వాడుతుంటే కొత్త కెర్నళ్ళ వెంట పరుగెత్తకండి. ఉబుంటు 24.04లో మొదట వచ్చిన 6.8 కెర్నల్‌కు 2029 వరకు భద్రతా సవరణలు వస్తాయి. 'లైనక్స్-జెనరిక్' ప్యాకేజీ వేసి, పేరులో 'హెచ్‌డబ్ల్యూఇ' ఉన్నది తీసేస్తే ఆ కెర్నల్ మీదే ఉంటారు. ఇలాంటి యంత్రంలో ఆర్చ్ వంటి నిత్యం మారే డిస్ట్రో పెట్టడం కోరి కష్టం తెచ్చుకోవడమే.

ఈసారి కొనేటప్పుడు

గ్రాఫిక్స్‌కు ఏఎండీ లేదా ఇంటెల్ తీసుకుంటే ఈ వ్యాసంలో సగం మీకు అవసరం పడదు. వాల్వ్ కంపెనీ 2022లో స్టీమ్ డెక్ అనే చేతి గేమింగ్ యంత్రాన్ని ఏఎండీ చిప్పు, ఓపెన్ డ్రైవర్లతో తెచ్చింది. లైనక్స్ పేరు కూడా వినని పిల్లలు దాని మీద ఆటలు ఆడుతున్నారు. డ్రైవర్ కెర్నల్‌లో ఉంటే వాడేవాళ్ళకు ఆ ఊసే ఉండదనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు. CUDA పని లేదా ఏఐ నేర్చుకోవడం తప్పనిసరైతే ఎన్విడియానే తీసుకోండి, కానీ ట్యూరింగ్ కంటే పాతది సెకండ్ హ్యాండ్‌లో ఎంత చవకగా వచ్చినా వదిలేయండి.

"డాస్" లేదా ఉబుంటుతో అమ్మే ల్యాప్‌టాప్ చూసి అన్నీ లైనక్స్‌లో పనిచేస్తాయని నమ్మకండి. డాస్ మోడల్ అంటే విండోస్ లైసెన్సు లేదని మాత్రమే. లైనక్స్-హార్డ్‌వేర్ డాట్ ఓఆర్‌జీ సైట్‌లో మోడల్ పేరు కొడితే అదే యంత్రం వాడేవాళ్ళు పంపిన పరీక్షా ఫలితాలు, ఏ చిప్పుకు ఏ డ్రైవర్ పట్టిందో సహా దొరుకుతాయి. మీ యంత్రం ఫలితాన్ని కూడా 'హెచ్‌డబ్ల్యూ-ప్రోబ్' ప్యాకేజీతో అక్కడికి పంపండి. అదే మోడల్ కొనబోయే తర్వాతి మనిషికి అది పనికొస్తుంది.